డీజిల్ ఉన్నంతసేపు

జనరేటర్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. టెంటు గుంజకు కట్టిన ప్లగ్గుల బోర్డులో, మైకు వైరు పక్కన ఉన్న ఖాళీలో లాప్‌టాప్ వైరు గుచ్చి, అమర్‌సింగ్ కూతురి వైపు చూశాడు. తెర మీద వెలుగు వచ్చింది. "డీజిల్ ఉన్నంతసేపు నడుస్తది బిడ్డా. మళ్ల పోసేటందుకు లేదు, బంకు బందున్నది. ఇగ కానియ్యి," అని తను వెళ్లి బొగ్గు కార్మికుల వరుసలో కూర్చున్నాడు. సారక్క ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టుకుని, వేళ్లు విరుచుకుంది. విరుచుకున్నాక ఏం చేయాలో తోచలేదు. భూపాలపల్లి చౌరస్తాలో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాలుగో వారంలో, ఎదురుగా డప్పు, నెత్తి మీద మైకు, పక్కన దీక్షలో కూర్చున్నవాళ్ల మెళ్లో బంతిపూల దండలు, వీటన్నిటి నడుమ కూర్చుని, తెల్లటి బల్లగుడ్డ మీద ఒలికిన ఎర్ర వైన్ మరకను ఎట్లా పోగొట్టాలో ఇంగ్లీషులో రాయాలి. రాసి సాయంత్రంలోపు పంపాలి.

మొదటి వాక్యం పడితే చాలు, తక్కినవి దాని కొంగు పట్టుకుని వస్తాయి. ఒకటి కొట్టింది, చెరిపేసింది. ఇంకొకటి కొట్టింది, అదీ చెరిపేసింది. తల ఎత్తితే తండ్రి కనిపిస్తున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు. ఆయన కళ్లు బోసిగా ఉన్నాయి. ఆమెకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు గీత ఒకటి ఉండేది, సబ్బుకు పోదు, సున్నిపిండికి పోదు. గనిని ఇక్కడ అందరూ బాయి అంటారు. బాయిలో దిగే ప్రతి మనిషికీ ఆ కాటుక ఉంటుంది, చిన్నప్పుడు ఆమె మగవాళ్లందరూ కాటుక పెట్టుకుంటారనే అనుకుంది. సమ్మె మొదలై వారం తిరిగేసరికి ఆ గీత పలచబడింది, ఇప్పుడు మొత్తానికే పోయింది, బాపు ముఖం ఎవరో దూరపు చుట్టం ముఖంలా ఉంది. ఏ మందుకూ పోని మరకను సమ్మె పోగొట్టింది. ఈ సంగతి రాయొచ్చా? రాయకూడదు. వాళ్లు అడిగింది వైన్ గురించి. ఎక్కడో దూరదేశంలో ఇల్లు దిద్దుకునే సంగతులు రాసే పెద్ద సైటు, దాని సంపాదకురాలు ఈమె బ్లాగు చూసి, నమూనాకు ఒకటి రాయమంది. నచ్చితే వారానికొకటి, ఏడాది పొడుగునా. నచ్చకపోతే మొగుళ్లపల్లిలో ప్రైవేటు బడి ఉంది, సమ్మె అయిపోయి బడి తెరవగానే టీచరుగా వస్తావా రావా చెప్పమని వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. బడి అంటే భయమేం లేదు. కానీ ఈ పని చేతిలో పట్టేంత ఉండి కూడా వేళ్ల సందుల్లోంచి ఎందుకు జారిపోతోందో తెలియకుండా వదిలేయడం ఆమెకు ఇష్టం లేదు.

పని మొదలైంది వైన్‌తో కాదు, ఎర్రమట్టితో. బయ్యారం దగ్గర తండాలో నాయనమ్మ ఇంటికి వెళ్లొస్తే లంగా అంచులకు పట్టే మట్టి, అది ఉత్త మట్టి కాదు, ఇనుము, సబ్బుతో రుద్దిన కొద్దీ ఇంకా ముదురుతుంది. యాడి, అంటే అమ్మ, దానికి మూడే మాటలు చెప్పింది: నిమ్మకాయ, ఉప్పు, ఎండ. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ పక్కన నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ మూడు మాటలను ఇంగ్లీషులో ఒక పేజీ చేసి పెట్టింది, ఊరికే, పెడితే ఏమవుతుందో చూద్దామని. కొన్నాళ్లకు ఎవరో, పేరు కూడా నోరు తిరగని మనిషి, తన తెల్ల చొక్కా మీద మేకు తుప్పు పోయిందని దాని కింద రాశాడు. ఆ రోజు హాస్టల్ మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకు గుర్తులేదు. క్లాసులో ఆమె నోరు విప్పితే వెనక బెంచీ నవ్వేది, ఒకనాడు తెలుగుకు, ఒకనాడు ఇంగ్లీషుకు. రాతలో మాత్రం యాస ఎవరికీ వినపడదు. ఆ తర్వాత నూనె, పసుపు, సిరా, పాన్, ఒక్కో మరకకు ఒక్కో పేజీ, పేజీ పక్కన సబ్బుల ప్రకటనలు, ఆ ప్రకటనల మీద కాస్త ఆదాయం. మొదటి చెక్కు పట్టుకుని బ్యాంకుకు పోతే అక్కడి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం పని చేస్తవమ్మా నువ్వు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక "బట్టలు ఉతుకుడు సార్" అంది. ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. ఇప్పటికీ బ్యాంకు ముందు నుంచి నడిస్తే నవ్వొస్తుంది.

నవ్వొచ్చింది. పక్కన ఆడవాళ్ల వరుసలో కూర్చున్న మనోరమ టీచర్ వంగి చూసి, "ఏం రాస్తున్నవు, నవ్వుతున్నవు?" అంది. "ఇంకేం రాయలె టీచర్," అంది సారక్క. నిజమే, ఇంకేం రాయలేదు, జనరేటర్ మాత్రం తాగుతూనే ఉంది. ఇదే రోగం. పొద్దంతా తన చేతిలోనే ఉంటుంది, పొద్దుగూకేసరికి ఏమీ ఉండదు. 'ఇంట్లనే ఉంటది గద' అనే మాట కాలనీలో మొదట ఎవరు అన్నారో గాని, ఆ మాటకు కాళ్లొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఇంట్లనే ఉంటది గద, జర గ్యాస్ బండ తీసుకోమను. ఇంట్లనే ఉంటది గద, మా పోరడి హాల్ టికెట్ కంప్యూటర్ల తీసియ్యమను. ఇంట్లనే ఉంటది గద, పప్పు మీద ఓ కన్నేసి ఉంచమను. తన పనికీ వేళలుండాలని గోడకు నాలుగు రంగుల్లో టైంటేబుల్ రాసి అంటించింది. ఎర్ర గడిలో రాయడం, పచ్చ గడిలో దిద్దడం, నీలి గడిలో జవాబులు ఇవ్వడం. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు, అంటూ ఎర్ర గడిలోనే కూర్చుని చాయ తాగి వెళ్లారు. కంచె లేని చేనులో ఎవరి మేకైనా మేస్తుంది. అయితే అందరికన్నా ఎక్కువ మేసిన మేక ఎవరిదో ఆమెకు తెలుసు, బయటికి చెప్పదు గాని. బ్లాగుకు ఎందరొచ్చారో చూపించే పేజీ ఒకటుంది, చిన్న నీలి గీత, పైకి లేస్తుంది, కిందికి పడుతుంది. లేచిందా అని చూడాలి. లేస్తే ఎందుకు లేచిందో చూడాలి, పడితే ఇంకొంచెం సేపటికి లేస్తుందేమో చూడాలి. కూర మాడుతుండగా చూసింది, స్నానానికి నీళ్లు తోడుకుని చూసింది, చుట్టాల పెళ్లిలో తలంబ్రాలు పడుతుండగా ఫోన్‌లో చూసింది. చూసిన ప్రతిసారీ పని చేసినట్టే అనిపిస్తుంది, అదే దాని మాయ.

అట్లాంటి ఇంట్లోకి సమ్మె వచ్చి బాపును కూర్చోబెట్టింది. యాడి తమ్ముడింటికని మానుకోట పోయి, బస్సులు ఆగిపోయి, అక్కడే ఉండిపోయింది; రోజూ ఫోన్ చేసి ఇద్దరినీ వేర్వేరుగా తిడుతుంది. మొదటి నాలుగు రోజులు బాపు ఫస్ట్ షిఫ్టు వేళకే లేచి, బూట్లు తొడుక్కుని, గుర్తొచ్చి, బూట్లతోనే అరుగు మీద కూర్చునేవాడు. ఆ తర్వాత సైకిల్ తుడిచాడు. సైకిల్ అయిపోయాక తలుపుల గొళ్లేలకు నూనె వేశాడు. గొళ్లేలు కూడా అయిపోయాక కూతురు పని చేస్తుంటే చూడటం మొదలుపెట్టాడు. ఒకరోజంతా చూసి అడిగాడు. "బిడ్డా, నీ పనిల ఎన్నింటికి డ్యూటీ ఎక్కుతవు, ఎన్నింటికి దిగుతవు?"

"అట్ల ఉండది బాపూ. ఎప్పుడన్న చేసుకోవచ్చు."

"ఎప్పుడన్న చేసుకోవచ్చంటే, ఎప్పటికీ చేస్తనే ఉండాలె గద."

కోపం వచ్చింది ఆమెకు, పప్పులో ఉప్పు ఎక్కువేసి ఆ కోపం తీర్చుకుంది. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. తెల్లారి కంచం మీద గరిటెతో కొట్టి ఇదే సైరన్ అన్నాడు, గడప దాటి ఎవరూ లోపలికి రావొద్దన్నాడు, గ్యాస్ బండకు వచ్చిన పక్కింటామెను తిప్పి పంపాడు. ఆ రోజు పని బాగా సాగేదే, ఆయనే మధ్యలో ఆరుసార్లు లోపలికి వచ్చి, చాయపత్తి ఎక్కడుందో, అగ్గిపెట్టె ఎక్కడుందో, పని ఎంతవరకు వచ్చిందో అడగకపోయి ఉంటే. మధ్యాహ్నానికి ఇద్దరూ సైరన్ సంగతి మరిచిపోయి, మంచం మీద కూర్చుని పల్లీలు ఒలుచుకున్నారు. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. అంతకు ముందూ పోయేది, కానీ ఇప్పుడు పోతే వచ్చే వేళ కూడా చెప్పడం లేదు. పాత లాప్‌టాప్, దాని బ్యాటరీ పావుగంట నిలబడితే గొప్ప. "ఈ కరెంటుకేం పాడయింది," అని ఆమె విసుక్కుంటే చీకట్లోంచి బాపు గొంతు వినిపించింది. "నేను తవ్వుతలేను గద బిడ్డా." ఆ గొంతులో ఉన్నది గర్వమా, క్షమాపణా అని ఆమె చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్లూ ఆయన తవ్విన బొగ్గు ఎటు పోతుందో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అది ఎక్కడెక్కడో తిరిగి తీగల మీదుగా ఇంటికే వచ్చి, ఈ తెరలో వెలుగుతోందని ఆ రాత్రి తెలిసింది. ఆయన సమ్మె చేస్తే ఈమె తెర ఆరిపోతుంది. ఆరిపోవాలి కూడా, లేకపోతే అది సమ్మె ఎట్లా అవుతుంది? అట్లాగని వైన్ మరక ఆగుతుందా? ఇయ్యాల పొద్దున లాప్‌టాప్ సంచి బాపే భుజానికి తగిలించుకున్నాడు. "టెంటుల జనరేటర్ ఉన్నది, దా," అన్నాడు.

శిబిరం నడిపే శ్రీపాల్ మొదట ఒప్పుకోలేదు. చేతిలో మైకు ఉండి కూడా మామూలు గొంతుతో మాట్లాడటం ఆయనకు రాదు, కాబట్టి ఆ వాదన చౌరస్తా అంతా విన్నది. "సమ్మెల పనేందే అమర్‌సింగన్నా? బాయి బంద్, బడి బంద్, బస్సు బంద్. నీ బిడ్డ పని ఒక్కటే నడుస్తదా?"

"ఆమెకు మేనేజర్ లేడు తమ్మీ. ఎవల మీద చేస్తది సమ్మె?"

శ్రీపాల్ మైకు కిందికి దించాడు. "అయితే గిది సొంత పనా?"

"సొంతమే."

"సొంతమైతే కానియ్యుండ్రి. పాట నడుమ కరెంటు గుంజుకుంటే మాత్రం ఊకోను."

ఎవరి మీద చేయాలి సమ్మె? ఆ ప్రశ్న అప్పటి నుంచి ఆమె బుర్రలో ఈగలా తిరుగుతోంది. తను వారం రోజులు రాయకపోతే ఏ ఆఫీసు ఆగుతుంది, ఎవరు అడుగుతారు? తుప్పు మరక వాళ్లు ఇంకో సైటుకు పోతారు, అంతే. ఆలోచిస్తూనే ఆమె వేలు తెలియకుండానే ఆ నీలి గీత పేజీ మీదికి వెళ్లింది. ఇంటర్నెట్ కోసం లాప్‌టాప్‌కు గుచ్చిన డేటా కార్డు దీపం మిణుకుమంది. చౌరస్తాలో ఇంతమంది ఫోన్లు, సిగ్నల్ అందరూ పంచుకోవాలి. పేజీ సగం తెరుచుకుని, గిరగిరా తిరిగి, తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూస్తోంది. జనరేటర్ తాగుతోంది. వరుసలోంచి బాపు కూడా చూస్తున్నాడు, తెర కాదు, ఆమె ముఖం. ఏమయింది అన్నట్టు గడ్డం ఎత్తాడు. ఆమె ఏం కాలేదన్నట్టు తల ఊపి పేజీ మూసేసింది. అంత తేలిక. ఇంట్లో ఒక్కరోజు కూడా అంత తేలిక కాలేదు.

సరే, వైన్. వైన్ అనేది ఆమె సినిమాల్లో తప్ప చూడలేదు. మరక ఎట్లుంటుందో తెలియాలని మొన్న దానిమ్మ రసం తీసి, బాపు తెల్ల పంచె చింపిన ముక్క మీద ఒలకబోసింది. దానిమ్మ పండు అట్ల పారబోస్తారా అని మానుకోట నుంచి యాడి ఫోన్‌లోనే గంటసేపు తిట్టింది. ఉప్పు చల్లింది, మరక కొంత పీల్చుకుంది. వేడినీళ్లు ఎత్తు నుంచి సన్నని ధారగా పోసింది, చాలావరకు పోయింది. ఎండలో వేసింది, మిగిలిందీ పోయింది. పని అంతే, ఒక పూట. మరి ఈ మరక మీద ఎనిమిది రోజులు ఎందుకు పట్టాయి? ఎందుకంటే తక్కిన ఏడు రోజులూ ఆమె సారా అయ్యే పనిలో ఉంది. బ్లాగు మీద ఆమె పేరు సారా. చివరి అక్షరాలు కోసేస్తే ఏ దేశం పిల్లయినా కావచ్చు. సారా ఇంట్లో బల్లగుడ్డ ఏ రకం? సారా విందుకు ఎవరిని పిలుస్తుంది? వైన్ గ్లాసు ఎత్తుగా ఉంటుందా, పొట్టిగానా? సారా వాళ్లమ్మను ఏమని పిలుస్తుంది? ఇవన్నీ వెతకాలి, వెతుకుతుంటే ఇంకో పేజీ, దాంట్లోంచి ఇంకోటి, అటు నుంచి వస్తూ వస్తూ నీలి గీత దగ్గర ఒకసారి ఆగడం. మరకకు ఒక పూట, వేషానికి ఒక వారం. పోయిన సమయమంతా ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లకు చేతికి తగిలింది. పక్కింటామె గ్యాస్ బండలో కాదు, పల్లీల్లో కూడా కాదు. మైకులో ఎవరో మాట్లాడుతున్నారు, మన మాటను చూసి నవ్విన్రు, మన యాసను చూసి నవ్విన్రు అని, రోజూ ఎవరో ఒకరు అనే మాటే, కార్మికులు రోజూ కొట్టే చప్పట్లే కొడుతున్నారు. సారక్క కూడా కొట్టింది. కొట్టి, ఆ చేతుల్నే కీబోర్డు మీద పెట్టింది.

నేనెప్పుడూ వైన్ చూడలేదు, అని రాసింది. చెరపలేదు. మాది బొగ్గు ఊరు. మా ఇంట్లో బల్లకు గుడ్డ ఉండదు, బల్లే లేదు. నేను దానిమ్మ రసాన్ని మా నాన్న పంచె మీద పోసి చూశాను, మా అమ్మకు అది నచ్చలేదు. ఆ తర్వాత వాక్యాలు నిజంగానే ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వచ్చాయి. ఉప్పు ఎంత, నీళ్లు ఎంత ఎత్తు నుంచి, ఎండ ఎక్కువైతే ఏమవుతుంది, మరక పాతబడితే ఈ ఉపాయం పనికిరాదు, ఆశ పెట్టుకోకండి, గుడ్డకు వేరే రంగు వేయించుకోండి. డప్పు వేగం పెరిగితే వేళ్ల వేగం పెరిగింది, డప్పు ఆగినప్పుడు ఒక పేరా అయింది. పాట మధ్యలో ఎవరో చాయ గ్లాసు అందించారు, ఎవరో ఆమె తల మీది టెంటు గుడ్డ సర్ది ఎండ తగలకుండా చేశారు, ఇక్కడ ఇంతమంది ఉండి కూడా ఒక్కరూ ఆమెను గ్యాస్ బండ గురించి అడగలేదు. అందరూ ఏదో ఒక పని కోసం కూర్చున్నవాళ్లే, ఈమె కూడా అంతే, ఇది కాస్త వేరే పని. చివర పేరు దగ్గర వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆమె పుట్టిన ఏడు మేడారం జాతర, అందుకని నాయనమ్మ పెట్టిన దేవత పేరు. మొత్తం రాసింది, సారక్క అని, ఒక్క అక్షరం కోయకుండా. చదివింది. రెండు చోట్ల దిద్దింది. పంపు అన్న మీట నొక్కింది.

డేటా కార్డు దీపం మిణుకుమిణుకుమంటుండగా జనరేటర్ గురక పెట్టి ఆగిపోయింది. పాట సగంలో తెగింది, తెగిన చోటు నుంచి జనం నోటితో అందుకున్నారు. లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది, ఇంతసేపు తాగిన కరెంటు ఆ పావుగంటకు సరిపోయింది. అమర్‌సింగ్ వరుస దాటి, మనుషుల మోకాళ్లు తప్పించుకుంటూ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"అయిందా?"

"అయింది."

"పోయిందా?"

దీపం స్థిరపడింది. "పోయింది బాపూ."

ఆ సైటు వాళ్లు వారం చివర రాసే జవాబులో, పంచె అంటే ఏమిటని అడుగుతారు, వారానికొకటి రాయమంటారు, మొగుళ్లపల్లి బడికి ఆమె నమస్కారం చెప్పుకుంటుంది. అవన్నీ ఇంకా జరగలేదు. జరిగినట్టే ఆమెకు ఒళ్లు తేలికగా ఉంది. లాప్‌టాప్ మూసింది, ఫోన్ తీసి చూడబోయి, దాన్ని కూడా లాప్‌టాప్‌తో పాటు సంచిలో వేసి, సంచి కుర్చీ కిందికి నెట్టింది.

మైకు లేని శ్రీపాల్ గొంతు ఇంకా పెద్దగా ఉంది. "ఆడోళ్ల వరుసల ఒకలు లేసిపోయిన్రు. పొద్దు గూకేదాక ఇంకొకలు కూసోవాలె." మనోరమ టీచర్ చాప మీద చోటు చూపించి, "దా, ఊకెనే కూసోరాదు," అంది. శ్రీపాల్ దండ పట్టుకుని వచ్చి ఆగాడు. కూర్చునే ప్రతివాళ్ల పేరుతో పాటు పని కూడా చెప్పడం అక్కడి పద్ధతి, టీచర్లని, వకీళ్లని, బాయి కార్మికులని. "నిన్ను ఏమని చెప్పాలె సెల్లే?"

ఆమె నోరు తెరిచింది. బట్టలు ఉతుకుడు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో వెనక నుంచి బాపు అన్నాడు. "రాస్తది. బట్టల మీది మరకలు ఎట్ల పోవాల్నో దేశదేశాలోళ్లకు రాస్తది. డ్యూటీ ఎక్కుతది, అయిపోంగనే దిగుతది."

ఆ చివరి మాట మొన్నటిదాకా అబద్ధమని తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. శ్రీపాల్‌కు తెలియదు, ఆయన ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చౌరస్తా చివర వరకు వినపడేలా అరిచి చెప్పాడు. చప్పట్లు పడ్డాయి, ఎవరో జై కొట్టారు. సారక్క మెడలో దండ వేయించుకుని, చున్నీ సర్దుకుని, కాళ్లు మడుచుకుని చాప మీద కూర్చుంది. మనోరమ టీచర్ అటూ ఇటూ చూసి, తన కొంగు చివర ముందుకు లాగి చూపిస్తూ మెల్లగా అడిగింది. "సారక్కా, గీ నూనె మరక ఎట్ల పోతదే?"

"రేపడుగు టీచర్," అంది సారక్క. "ఇయ్యాల సమ్మెల ఉన్న."